బంగ్లాదేశ్ ఇంతగా ఎట్లా మారింది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి

గల్ఫ్‌బాట (జగిత్యాల, ప్రస్తుతం షార్జా)

అందరికీ నమస్తే. మా క్యాంపు రూములో సగం తెలుగువాళ్ళం, సగం బంగ్లాదేశ్ వాళ్ళు. వాళ్ళది కొమిల్లా జిల్లా. రాత్రి వంట చేసుకునేటప్పుడు ముచ్చట్లు నడుస్తాయి. వాళ్ళ నాన్నల కాలంలో రెండు పూటలా అన్నం దొరికితే గొప్పేనట. ఇప్పుడు ఊళ్ళో సిమెంటు ఇళ్ళు వచ్చాయి, ఆడపిల్లలు హైస్కూలుకు పోతున్నారు, బయటి నుంచి పంపిన డబ్బు ఫోన్లోనే ఇంట్లోవాళ్ళకు చేరుతోంది. ఒకతని అక్క గాజీపూర్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి తమ్ముళ్ళిద్దరినీ చదివించింది. 2024 జూలైలో అక్కడ నెట్ బంద్ చేసినప్పుడు ఇతనికి తిండి సయించలేదు. చిన్న తమ్ముడు ఢాకాలో ఊరేగింపుల్లో ఉన్నాడు, బతికున్నాడో లేదో తెలియదు. (క్షేమంగానే ఉన్నాడు.)

నాకు రెండు సంగతులు అర్థం కావడం లేదు. 1971లో చేతిలో చిల్లిగవ్వ లేని దేశం ఎట్లా లేచి నిలబడింది? నిలబడినాక చదువుకున్న పిల్లలు ఎందుకు రోడ్డెక్కారు? ఇక్కడ లెక్కలు తెలిసిన పెద్దలున్నారు, ఆ దేశంలో పనిచేసినవాళ్ళూ ఉన్నారు. రాజకీయ తిట్లు వద్దు, విషయం చెప్పండి.

లెక్కలపద్దు (రాజమండ్రి, రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్)

మంచి ప్రశ్న అడిగావు బాబూ. ముందు ఆ దేశం ఎక్కడ మొదలైందో చూడాలి.

1970 నవంబర్‌లో భోలా తుపాను వచ్చింది. తక్కువ అంచనాల ప్రకారమే 3 లక్షల మంది పోయారు. అయిదు నెలలు తిరక్కుండానే యుద్ధం. దాదాపు కోటి మంది శరణార్థులుగా మన దేశంలోకి వచ్చారు. 1971 డిసెంబర్ 16న విముక్తి వచ్చేసరికి వంతెనలు కూలిపోయి ఉన్నాయి, ఓడరేవులో మందుపాతరలున్నాయి. మూడేళ్ళకే 1974 కరువు. అప్పట్లో ఎగుమతి అంటే జనపనారే (జూట్). క్యూబాకు గోనెసంచులు అమ్మారన్న కారణం చూపి అమెరికా తిండిగింజల సాయం ఆపేసింది. అధికారిక లెక్కలో 27 వేల మంది చనిపోయారు. పరిశోధకుల అంచనాలు దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. ఈ దేశం ఎప్పటికీ దానం మీదే బతకాలని అమెరికా పెద్దలు అప్పటికే తీర్పు చెప్పేసి ఉన్నారు.

విస్తీర్ణం 1,47,570 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే తక్కువ. అందులో అప్పుడు 7 కోట్ల మంది, ఇప్పుడు 17 కోట్లు. బొగ్గు, ఇనుము పెద్దగా లేవు. ఉన్నది సహజవాయువు, వరి పండే నేల, మనుషులు.

ఇప్పటి లెక్క చూడు. వాళ్ళ సొంత కొలమానం ప్రకారం పేదరికం 2000లో 48.9 శాతం, 2022లో 18.7 శాతం. 2015లో ప్రపంచ బ్యాంకు దాన్ని దిగువ మధ్య ఆదాయ దేశాల వరుసలో చేర్చింది. 2020 అక్టోబర్‌లో తలసరి ఆదాయంలో బంగ్లాదేశ్ మనల్ని దాటుతుందని ఐఎంఎఫ్ అంచనా వేసినప్పుడు మన పేపర్లలో ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది.

అయితే నేను క్లాసులో పిల్లలకు గట్టిగా చెప్పేది ఒకటుంది. అక్కడ డబ్బు కంటే ముందు సమాజం మారింది. 1970లలో ఒక్కో తల్లికి సగటున ఏడుగురు పిల్లలు. 1990 నాటికే అది నాలుగున్నర దగ్గరకు దిగింది. 1990లో ఆ దేశం ఇంకా నిరుపేద దేశమే, తలసరి ఆదాయం ఏడాదికి 300 డాలర్ల చుట్టూ ఉండేది. ముందు ఆదాయం పెరగాలి, ఆ తర్వాత చదువు, ఆరోగ్యం వస్తాయని మనకు పాఠాల్లో నేర్పిన వరస అక్కడ తిరగబడింది. తిప్పింది పల్లెటూరి ఆడవాళ్ళు. ఈ సంగతి పల్లెవైద్యం గారు నాకంటే బాగా చెప్పగలరు.

పల్లెవైద్యం (శ్రీకాకుళం, రిటైర్డ్ ఏఎన్ఎమ్)

మాస్టారూ, నన్ను పిలిచి మంచి పని చేశారు. ఓఆర్ఎస్ గురించి చెప్పకుండా ఈ చర్చ ముందుకు సాగకూడదు.

ఢాకాలో 1960 నుంచి కలరా పరిశోధనశాల ఉంది. నోటితో తాగించే ఉప్పు, చక్కెర నీళ్ళు కలరా రోగిని బతికిస్తాయని 1968లో అక్కడ జరిపిన పరీక్షల్లోనే తేలింది. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, మన డాక్టర్ దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఆ నీళ్ళు కలిపి తాగించారు. వేల ప్రాణాలు నిలిచాయి. సరే, తెలిసింది. కానీ పొట్లం కొనే స్తోమత లేని ఇంటికి దాన్ని చేర్చేదెట్లా?

ఫజ్లే హసన్ అబేద్ అనే ఆయన 1972లో మొదలుపెట్టిన బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ళపాటు ఇంటింటికీ ఆడవాళ్ళను పంపింది. మూడు వేళ్ళతో ఒక చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. అంతే. కోటీ ఇరవై లక్షల ఇళ్ళకు పైగా వెళ్ళి తల్లుల చేతే కలిపించి నేర్పారు. నాకు బాగా నచ్చింది వాళ్ళ జీతం పద్ధతి. ఎన్ని ఇళ్ళు తిరిగారో చూసి డబ్బివ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత వేరేవాళ్ళు వెళ్ళి ఆ తల్లికి ఎంత గుర్తుందో అడిగేవారు, దాన్నిబట్టే నేర్పిన అమ్మాయికి డబ్బు. మొదట్లో నేర్చుకున్న తల్లులు కూడా వాడలేదు. ఎందుకని ఆరా తీస్తే నేర్పేవాళ్ళకే నమ్మకం లేదని తేలింది. వాళ్ళను ఢాకా ల్యాబుకు తీసుకెళ్ళి అది ఎలా పనిచేస్తుందో చూపించారు. మగవాళ్ళు తమకు చెప్పలేదని కినుక వహిస్తే బజార్లలో, మసీదుల దగ్గర వాళ్ళతోనూ మాట్లాడారు.

టీకాలూ అంతే. 1985లో అన్ని టీకాలూ పడిన పిల్లలు 2 శాతం. ఐదారేళ్ళలో సగం దాటారు.

కుటుంబ నియంత్రణ గురించి ఒక్క మాట. మన దగ్గర మాకు ఆపరేషన్ల టార్గెట్లు ఉండేవి, నెల తిరిగేసరికి ఇన్ని కేసులు తేవాలి. 1996లో టార్గెట్లు తీసేసినా అలవాటు పోలేదు. ఇవాళ్టికీ మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని కడుపు మీద కోతే. అక్కడ ఆడ కార్యకర్తలు మాత్రలు, ఇంజెక్షన్లు ఇంటి గుమ్మం దగ్గరికే పట్టుకెళ్ళారు. పరదా వల్ల ఆసుపత్రికి వెళ్ళలేని అమ్మాయికి ఎంచుకునే అవకాశం దొరికింది. మనమూ పిల్లల్ని తగ్గించాం, కానీ దారి వేరు. ఇది నా ఉద్యోగ జీవితమంతా నన్ను బాధపెట్టిన విషయం, అందుకే ఇంత రాశాను.

మిర్చియార్డు (గుంటూరు)

మన మిర్చి, పత్తి నూలు అక్కడికి బాగా వెళతాయి. అందుకని వాళ్ళ సంగతులు మాకు ఎప్పటికప్పుడు తెలుస్తుంటాయి. 2021 ఆగస్టులో వాళ్ళ దగ్గర 4,800 కోట్ల డాలర్ల విదేశీ నిల్వ ఉంది. తర్వాత మూడేళ్ళలో అది సగం కంటే కిందికి పడింది. 2022 చివర్లో బ్యాంకులు ఎల్‌సీ (సరుకుకు డబ్బు చెల్లిస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీపత్రం) తెరవడానికే వెనకాడేవి. లోడు సిద్ధంగా ఉండేది, కాగితం వచ్చేది కాదు. అప్పుడే ఏదో లోపల పుచ్చిపోతోందని యార్డులో అందరం అనుకున్నాం. పైకి మాత్రం అన్నీ రికార్డులే.

కుట్టుమిషన్ (అనకాపల్లి జిల్లా)

నేను అచ్యుతాపురం వైపు దుస్తుల కంపెనీల్లో లైన్ మీద మొదలై ఇప్పుడు క్వాలిటీలో ఉన్నాను. మా నాన్న విజయనగరం వైపు జూట్ మిల్లులో పనిచేసేవారు. మిల్లు మూతపడింది, నేను కుట్టుపనికి వచ్చాను. బంగ్లాదేశ్‌లోనూ ఇదే కథ అని ఎక్కడో చదివాను. నారాయణ్‌గంజ్‌లో ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఆదంజీ జూట్ మిల్లు 2002లో మూసేశారట, ఆ స్థలంలోనే ఎగుమతుల జోన్ పెట్టారట. మగవాళ్ళ పని పోయి ఆడపిల్లల పని వచ్చింది.

అక్కడ గార్మెంట్స్ మొదట ఎలా వచ్చాయో ఎవరైనా చెప్పగలరా? పత్తి పండని దేశం కదా.

ఢాకాడైరీ (వరంగల్, టెక్స్‌టైల్ ఇంజనీరు, గాజీపూర్‌లో చాలా ఏళ్ళు)

నేను చెబుతాను చెల్లెమ్మా. ఇది నా వృత్తి.

1974 నుంచి 2004 దాకా ధనిక దేశాలు ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు కొనాలో కోటాలు పెట్టుకున్నాయి. కొరియాకు కోటా నిండిపోయింది, బంగ్లాదేశ్‌కు అసలు అడ్డే లేదు. అప్పుడు కొరియా దేవూ కంపెనీ, నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వాధికారి పెట్టిన దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుంది. 1979లో 130 మంది బంగ్లాదేశీయులు కొరియా వెళ్ళి శిక్షణ తీసుకున్నారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. తిరిగొచ్చిన కొన్నేళ్ళకు చాలామంది బయటికి వెళ్ళి సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టారు, లేదా వేరేవాళ్ళవి నడిపారు. పరిశ్రమ అట్లా పాకింది.

రెండు ప్రభుత్వ ఏర్పాట్లు దీన్ని నిలబెట్టాయి. ఒకటి, ఎగుమతి కోసం తెచ్చే గుడ్డకు సుంకం కట్టకుండా బాండెడ్ గోదాములో పెట్టుకోవచ్చు. రెండు, బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. అంటే అమెరికా కొనుగోలుదారు ఇచ్చిన ఎల్‌సీని చూపించి, గుడ్డ కొనడానికి ఇంకో ఎల్‌సీ తెరవొచ్చు. జేబులో పెట్టుబడి లేని మనిషి కూడా ఫ్యాక్టరీ నడపగలిగాడు. పత్తి లేకపోయినా ఫరవాలేదు అన్నది ఇందుకే.

ఇప్పుడు దాదాపు 40 లక్షల మంది పని చేస్తారు, దేశ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా బట్టలే. పొద్దున ఏడున్నరకు గాజీపూర్ రోడ్డు మీద నిలబడితే టిఫిన్ డబ్బాలు పట్టుకున్న అమ్మాయిల వరస కనుచూపు మేర ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళ అమ్మలు పక్క ఊరికి ఒంటరిగా వెళ్ళేవాళ్ళు కాదు.

కానీ దీని ధర గురించి కూడా రాయకపోతే నాకు నిద్ర పట్టదు. 2012 నవంబర్ 24న తజ్రీన్ ఫ్యాక్టరీలో మంటలు, వందమందికి పైగా చనిపోయారు. అయిదు నెలలకు, 2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావర్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడలు పగిలాయి. కింద అంతస్తులో ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను పంపేసింది, దుకాణాలు మూశారు. పైన కుట్టేవాళ్ళను మాత్రం రాకపోతే జీతం కోస్తామని బెదిరించి లోపలికి పంపారు. బ్యాంకు మనిషి ప్రాణానికి, కుట్టే అమ్మాయి ప్రాణానికి ఉన్న తేడా అది.

ఆ తర్వాత అకార్డ్ అని ఒక ఒప్పందం వచ్చింది. కంపెనీలు కార్మిక సంఘాలతో కలిసి సంతకం చేసిన, కోర్టులో నిలబడే ఒప్పందం. దాని ఇంజనీర్లు ఫ్యాక్టరీలు తిరిగి తప్పులు ఎత్తిచూపారు, ఫైర్ డోర్లు పెట్టించారు, స్తంభాలు బలపరిచారు, మారని ఫ్యాక్టరీలకు ఆర్డర్లు ఆగాయి. భవనాలు నిజంగానే బాగుపడ్డాయి, నా కళ్ళతో చూశాను. జీతాలే బాగుపడలేదు. కనీస వేతనం 2010లో 3,000 టాకాలు, 2013లో 5,300, 2018లో 8,000. 2023లో కార్మికులు 23,000 అడిగితే 12,500 ఇచ్చారు. ఆ ఆందోళనలోనూ ప్రాణాలు పోయాయి.

కుట్టుమిషన్

అన్నా, చదువుతుంటే గుండె బరువెక్కింది. టార్గెట్ ఒత్తిడి మాకూ ఉంది. బాత్రూంకు వెళ్ళి ఆలస్యమైతే లైన్‌లో ముక్కలు గుట్టపడతాయి, సూపర్‌వైజర్ అరుస్తాడు.

అయినా ఒక మాట చెప్పాలి. బయటివాళ్ళు దీన్ని ఒట్టి దోపిడీగానే చూస్తారు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా ఇంట్లో పెళ్ళి కుదిర్చారు. నా జీతం ఇంటికి వస్తోంది కాబట్టి నేను వద్దంటే విన్నారు. జీతం లేకపోతే వినేవాళ్ళు కాదు. గాజీపూర్ అమ్మాయికీ ఇంతే అయ్యుంటుంది. పని తక్కువ జీతానిదే, కానీ ఇంట్లో నా మాటకు విలువ వచ్చింది ఆ జీతం వల్లే. అందుకే ఫ్యాక్టరీలు మూసేయాలని రాసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. జీతం పెంచాలి, తలుపులకు తాళాలు వేయకూడదు, సంఘం పెట్టుకోనివ్వాలి. అడగాల్సింది ఇది.

లెక్కలపద్దు

నీ మాటకు లెక్కలు కూడా తోడుగా ఉన్నాయమ్మా. అక్కడ 1982లో ప్రయోగంగా మొదలై 1994 నుంచి పల్లెలన్నిటా అమలైన ఆడపిల్లల హైస్కూలు ఉపకార వేతనం ఉంది. షరతులు మూడు: 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పద్దెనిమిదేళ్ళ దాకా పెళ్ళి చేయకూడదు. ఒకవైపు బడి, ఇంకోవైపు కుట్టుపని. పని దొరకాలంటే కొద్దిగా చదువు ఉండాలని తల్లిదండ్రులకు కళ్ళముందే కనిపించింది. కొన్నేళ్ళకే హైస్కూళ్ళలో ఆడపిల్లలు మగపిల్లలతో సమానమై, తర్వాత దాటారు.

అయినా బాల్యవివాహాలు పోలేదు. ఈ మధ్యదాకా కూడా ఇరవై దాటిన పడుచుల్లో సగం మందికి పద్దెనిమిది లోపే పెళ్ళయిందని సర్వేలు చెబుతూ వచ్చాయి. హైస్కూలు దాకా వెళ్ళిన అమ్మాయికి కూడా పదహారేళ్ళకే మూడు ముళ్ళు పడుతున్నాయి. దీనికి సులువైన జవాబు నా దగ్గర లేదు.

సంఘంలీడర్ (నెల్లూరు జిల్లా, పొదుపు సంఘం)

అందరూ బంగ్లాదేశ్‌లో పేద ఆడవాళ్ళకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకు గురించి ఎత్తుతారనుకున్నాను, ఎవరూ ఎత్తలేదు. ముహమ్మద్ యూనుస్ గారు 1976లో చిట్టగాంగ్ యూనివర్సిటీ పక్కన జోబ్రా ఊళ్ళో 42 మందికి 27 డాలర్లు అప్పిచ్చి మొదలుపెట్టారు, 1983లో అది బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మా సంఘాల మీటింగుల్లో ఆఫీసర్లు ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో.

మా జిల్లాలో ఆడవాళ్ళు కూడింది అప్పు కోసం కాదు. దూబగుంటలో సారా దుకాణం మూయించడానికి కూడారు, ఆ ఊపు మీదే పొదుపు సంఘాలు వచ్చాయి. నెలకు ముప్పై రూపాయలు మా డబ్బే దాచుకుని, మాలో మేమే అప్పిచ్చుకున్నాం. తర్వాత వారం వారం వసూలు చేసే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ వాళ్ళు ఊళ్ళమీద పడ్డారు. ఒకరి అప్పు తీర్చడానికి ఇంకొకరి దగ్గర అప్పు. ఇంటిముందు కూర్చుని పరువు తీసేవాళ్ళు. ప్రాణాలు పోయాక 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కాబట్టి బంగ్లాదేశ్‌ను చిన్న అప్పులే మార్చాయంటే నేను ఒప్పుకోను.

లెక్కలపద్దు

ఒప్పుకోవాల్సిన పని లేదు. చిన్న అప్పుల వల్ల ఆదాయం పెద్దగా పెరగదని చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. కానీ వారానికోసారి ఊరి ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడం, సంతకం నేర్చుకోవడం, బయటి మనిషితో మాట్లాడటం — వీటి విలువ వడ్డీ లెక్కలో కనపడదు. మీ సంఘంలోనూ అదే జరిగింది కదా. పేదరికం తగ్గించిన డబ్బు మాత్రం మూడు చోట్ల నుంచి వచ్చింది: బట్టలు, గల్ఫ్, బోరో వరి. చలికాలంలో నీళ్ళు తోడి పండించే ఆ పంట వల్లే బియ్యం దిగుబడి స్వాతంత్ర్యం నాటి కోటి టన్నుల నుంచి మూడున్నర కోట్ల టన్నులు దాటింది. చిన్న డీజిల్ ఇంజన్ల దిగుమతికి 1980ల చివర్లో ఆంక్షలు తీసేయడం దీనికి పెద్ద మలుపు. ఎవరూ మాట్లాడని విషయం ఇది.

పల్లెవైద్యం

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి. చెరువు నీళ్ళు తాగి పిల్లలు విరేచనాలతో పోతున్నారని ఊరూరా చేతిపంపులు వేశారు. మంచి ఉద్దేశమే. 1993లో ఆ నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని బయటపడింది. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులోంచే అది నీళ్ళలోకి దిగుతోంది. రంగు లేదు, రుచి లేదు. అరచేతుల్లో, అరికాళ్ళలో గట్టి బుడిపెలు, ఏళ్ళ తర్వాత క్యాన్సర్. కోట్ల మంది ఆ నీళ్ళు తాగారు. విషం ఉన్న పంపులకు ఎర్ర రంగు, లేనివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. మా ఉద్దానంలో కిడ్నీలు పోతుంటే కారణం ఇంకా తేలక జనం ఎంత నలిగిపోతున్నారో చూసినదాన్ని. నీళ్ళ గురించి భయం పట్టుకున్న ఊరి బాధ నాకు తెలుసు.

చదువరి (హైదరాబాద్, ఓయూ)

గల్ఫ్‌బాట అన్న రెండో ప్రశ్నకు ఎవరూ రాలేదు, నేను రాస్తాను. నేనూ ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేవాణ్ణే, కాబట్టి ఆ పిల్లల బాధ నాకు సూటిగా తగులుతుంది.

అక్కడ ప్రభుత్వోద్యోగాల్లో 56 శాతం కోటాలు ఉండేవి, అందులో 30 శాతం స్వాతంత్ర్య యోధుల కుటుంబాలకు, చివరికి మనవళ్ళ దాకా. 2018లో విద్యార్థులు పోరాడితే ప్రభుత్వం రద్దు చేసింది. 2024 జూన్ 5న హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. జూలైలో క్యాంపస్‌లు కదిలాయి. జూలై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి చేతులు చాచి నిలబడి ఉండగా పోలీసులు కాల్చారు, ఆ దృశ్యం దేశమంతా చూసింది. జూలై 21న సుప్రీంకోర్టు కోటాలను 7 శాతానికి తగ్గించింది, కానీ అప్పటికే వందల శవాలు లేచాయి. డిమాండే మారిపోయింది, ఇక ప్రభుత్వమే దిగిపోవాలన్నారు. ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం వదిలారు, 8న గ్రామీణ బ్యాంకు యూనుస్ నేతృత్వంలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. ఆ వారాల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది.

కోటా ఒక్కటే అయితే ఇంత జరగదు. దేశం పెరిగింది, డిగ్రీలు పెరిగాయి, ఆ డిగ్రీకి తగిన పని పెరగలేదు. పనులన్నీ కుట్టుమిషన్ దగ్గరే ఆగిపోయాయి. అక్క కుట్టి చదివించిన తమ్ముడు అక్కడే కుట్టడానికి వెళ్ళడు కదా. ప్రభుత్వోద్యోగం ఒక్కటే తలుపు, ఆ తలుపుకు సగం పైన గొళ్ళెం. పైగా ఓటు వేసి ఎవరినీ దించలేని పరిస్థితి. 2014, 2024 ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది, 2018లో రాత్రికి రాత్రే బ్యాలెట్ పెట్టెలు నిండాయన్న ఆరోపణలు వచ్చాయి.

ఢాకాడైరీ

తమ్ముడూ, చాలావరకు నిజం. ఒక సంగతి చేర్చాలి. హసీనా పాలించిన ఆ పదిహేనేళ్ళలో కట్టినవి కూడా ఉన్నాయి. అవినీతి ఆరోపణలతో ప్రపంచ బ్యాంకు 2012లో 120 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేస్తే, సొంత డబ్బుతో 6.15 కిలోమీటర్ల పద్మా వంతెన కట్టారు. 2022 జూన్ 25న ప్రారంభమైంది. నేను దాన్ని దాటే ముందు ఫెర్రీ కోసం గంటలు గంటలు కాచుకున్నవాణ్ణి. అంబులెన్సులు కూడా ఆ వరసలోనే ఆగేవి. దక్షిణాది జిల్లాల వాళ్ళకు ఆ వంతెన ఎంత పెద్ద విషయమో బయట కూర్చున్నవాళ్ళకు తెలియదు. కరెంటు లేని ఊరు లేకుండా పోయింది. ఇవి అబద్ధాలు కావు.

చదువరి

కాదనను అన్నా. వంతెన కట్టారు కాబట్టి కాల్చొచ్చు అని ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకోను. మీరు అలా అనలేదని తెలుసు. కానీ బయట చాలామంది అంటున్నారు, అభివృద్ధి కావాలంటే గట్టి చెయ్యి ఉండాలని. ఆ గట్టి చెయ్యి కిందే బ్యాంకులు ఖాళీ అయ్యాయి. తాత్కాలిక ప్రభుత్వం వేసిన శ్వేతపత్రం కమిటీ, ఏటా సగటున 1,600 కోట్ల డాలర్లు దేశం దాటించారని 2024 డిసెంబర్‌లో అంచనా చెప్పింది. ఎగుమతుల లెక్కల్లో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా తేడా ఉందని 2024 జూలైలో వాళ్ళ కేంద్ర బ్యాంకే బయటపెట్టింది. లెక్క అడిగే పత్రిక, లెక్క అడిగే పార్లమెంటు లేకపోతే అంకెలు కూడా నమ్మలేం.

లెక్కలపద్దు

చదువరి చెప్పిన ఈ విషయం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. నేను పైన ఇచ్చిన అంకెల్లో పేదరికం, పిల్లల సంఖ్య వంటివి ఇంటింటి సర్వేల నుంచి వచ్చినవి, వాటి మీద నాకు నమ్మకం ఉంది. ఏటేటా ఏడు శాతం, ఎనిమిది శాతం పెరిగామన్న లెక్క వేరు. ఇంకో బలహీనత: దేశాదాయంలో పన్నుల వాటా పది శాతం కూడా లేదు. పన్ను రాని ప్రభుత్వం బడికి, ఆసుపత్రికి ఏం పెడుతుంది? ఇంతకాలం స్వచ్ఛంద సంస్థలు ఆ లోటు మోశాయి.

నిర్వాహకులు

చర్చ బాగా నడుస్తోంది. సరిహద్దు గొడవలు, ఓటరు జాబితాల మీద రాసిన రెండు వ్యాఖ్యలను వేరే చర్చలోకి మార్చాం. దయచేసి ఇక్కడ అభివృద్ధి విషయానికే పరిమితం కండి.

గల్ఫ్‌బాట

అందరికీ చాలా కృతజ్ఞతలు. మా రూమువాళ్ళకు ఇవన్నీ హిందీలో చెప్పాను. చదువరి రాసింది విని కొమిల్లా తమ్ముడు చాలాసేపు మాట్లాడాడు.

నేను ఒకటి చేరుస్తాను. వాళ్ళకు గల్ఫ్‌కు రావడానికి అయ్యే ఖర్చు మనకంటే ఎక్కువ. వాళ్ళ ప్రభుత్వం 2020లో చేసిన సర్వేలో సగటు ఖర్చు 4 లక్షల టాకాలకు పైనే వచ్చింది, అంటే ఏడాదిన్నర జీతం దళారుల చేతికే. భూమి కుదువపెట్టి వస్తారు. మొదటి రెండేళ్ళు అప్పు తీర్చడానికే సరిపోతుంది. ఇట్లాంటివాళ్ళు పంపే డబ్బు ఏటా 2,000 కోట్ల డాలర్లు దాటుతుంది. దేశం మిర్చియార్డు అన్న చెప్పిన ఆ డాలర్ల కరువు నుంచి తేరుకున్నది కూడా వీళ్ళు పంపిన డబ్బుతోనే. మా జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళలో శవపెట్టె వచ్చిన ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళలోనూ ఉన్నాయి. ఢాకా విమానాశ్రయంలో శవపేటిక కోసం ఎదురుచూసే కుటుంబాల గురించి చెప్పినప్పుడు రూములో ఎవరూ మాట్లాడలేదు.

భాషాయాత్రి (విశాఖపట్నం)

ఈ చర్చలో తెలుగువాళ్ళ మాట ఒకటి రావాలి. బ్రిటిష్ కాలంలో పారిశుద్ధ్య పనికి, సిల్హెట్ తేయాకు తోటలకు మన జిల్లాల నుంచి తీసుకెళ్ళిన కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఢాకాలో ధోల్‌పూర్ దగ్గర తెలుగు కాలనీయే ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బయట బంగ్లా. 2023 ఫిబ్రవరిలో నగర పాలక సంస్థ వాళ్ళను ఖాళీ చేయమంటే రోడ్డు మీదికి వచ్చారు. తరతరాలుగా ఢాకా వీధులు ఊడ్చినవాళ్ళకు సొంత స్థలం లేదు. తేయాకు తోటల్లో 2022 ఆగస్టులో సమ్మె జరిగింది. రోజు కూలీ 120 టాకాలు, 300 అడిగారు, 170 చేశారు. ఆ తోటల్లో మన భాష మాట్లాడే ఇళ్ళు కూడా ఉన్నాయి. దేశం ఎదిగిందన్నప్పుడు వీళ్ళ దాకా ఏం వచ్చిందో అడగడం మన బాధ్యత అని నా ఉద్దేశం.

పల్లెవైద్యం

భాషాయాత్రి గారూ, ఇది నాకు తెలియదు. వాళ్ళ పిల్లల చదువు సంగతి తెలిస్తే విడిగా ఒక చర్చ పెట్టండి, నేను తప్పకుండా వస్తాను.

మిర్చియార్డు

2026 నవంబర్ 24న బంగ్లాదేశ్ బాగా వెనకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావాలని ఐక్యరాజ్యసమితి తీర్మానం ఉంది కదా. 1975 నుంచి ఆ జాబితాలో ఉన్నారు. వస్తే సుంకం రాయితీలు పోతాయా? మన నూలు వ్యాపారానికి కూడా దెబ్బేనా?

ఢాకాడైరీ

ఐరోపా వాళ్ళు ఇంకో మూడేళ్ళు, అంటే 2029 దాకా రాయితీ ఇస్తామన్నారు. ఆ తర్వాత సుంకం పడితే ఆర్డర్లు వియత్నాం వైపు జరుగుతాయని యజమానుల భయం. మందుల పరిశ్రమకు ఇంకో చిక్కు. ఈ జాబితాలో ఉన్నందువల్లే పేటెంట్ లేకుండా మందులు చేసుకునే వెసులుబాటు ఉంది. ముడి మందులు చాలావరకు మన దగ్గర నుంచి, చైనా నుంచి తెచ్చుకుంటారు కాబట్టి హైదరాబాద్ కంపెనీలు కూడా దీన్ని గమనిస్తున్నాయి. నూలు విషయంలో సుంకం కంటే రెండు దేశాల మధ్య సరుకు రాకపోకల మీద పెట్టే ఆంక్షలే ఎక్కువ ఇబ్బంది.

నాకు వీటన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం వేరే ఉంది. 2011-12లో బట్టల ఎగుమతి 1,900 కోట్ల డాలర్లు, 2024-25లో దాదాపు 3,900 కోట్లు. అంటే రెట్టింపు. పనిచేసేవాళ్ళ సంఖ్య మాత్రం ఆ 40 లక్షల దగ్గరే ఉంది. స్వెట్టర్ ఫ్యాక్టరీల్లో జాకార్డ్ మిషన్లు (కంప్యూటర్‌తో వాటంతటవే అల్లేవి) వచ్చాయి. ఒక మనిషి కొన్ని మిషన్లు చూసుకుంటాడు, ఆ మనిషి ఎక్కువగా మగవాడే. ఒకప్పుడు పదిమందిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఇప్పుడు ఆరుగురి లోపే. ముప్పై అయిదు దాటిన ఆపరేటర్‌ను కొత్తగా ఎవరూ తీసుకోరు. నా లైన్‌లో పనిచేసిన చాలామంది రంగ్‌పూర్, మైమన్‌సింగ్ ఊళ్ళకు తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళకు పింఛను లేదు.

కుట్టుమిషన్

అన్నా, ఆ కొత్త మిషన్ల మీద ఆడవాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చే ఫ్యాక్టరీలు అక్కడ ఏమైనా ఉన్నాయా? మా దగ్గర కటింగ్ సెక్షన్‌లో కంప్యూటర్ మిషన్ వచ్చింది, దాని మీద ఇంతవరకు ఒక్క అమ్మాయిని కూడా నిలబెట్టలేదు. హెచ్‌ఆర్‌తో మాట్లాడబోతున్నాం, చూపించడానికి ఒక ఉదాహరణ కావాలి.

ఢాకాడైరీ

ఉన్నాయి చెల్లెమ్మా, తక్కువే అయినా ఉన్నాయి. ఆపరేటర్లుగా చేసిన ఆడవాళ్ళనే తీసుకుని సూపర్‌వైజర్లుగా, మిషన్ టెక్నీషియన్లుగా తయారుచేసిన లైన్లలో నేను పనిచేశాను. రెండు నెలల శిక్షణ, ఆ రెండు నెలలూ జీతం ఆపకూడదు, రాత్రి షిఫ్ట్ అయితే ఇంటిదాకా బండి. ఈ మూడూ లేకపోతే అమ్మాయిలు మధ్యలో మానేస్తారు. ఆ శిక్షణ షెడ్యూలు నా దగ్గర ఉంది, తెలుగులో రాసి రేపు ఇక్కడే పెడతాను.